బెయిల్ వచ్చినా బయటికి రాని యువకుడు: ములాఖత్, ఉత్తరాల మీద నడిచిన ఒక కేసు

ఇంట్లో దొంగతనం చేశాడన్న ఆరోపణపై అరెస్టయి, బెయిల్ మంజూరైన తర్వాత కూడా జమానతు (పూచీ) ఇచ్చేవారు దొరకక జైలులోనే ఉండిపోయిన ఒక యువకుడి కేసు ఇది. హనుమకొండ అదాలత్‌లో క్రిమినల్ కేసులు నడిపే న్యాయవాదిగా, న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఈ కేసు నా దగ్గరికి వచ్చింది. విచారణ ఇంకా పూర్తి కానందువల్ల ఆరోపణలోని నిజానిజాల జోలికి పోవడం లేదు. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టడానికి పనికొచ్చే వివరాలు కొన్ని మార్చాను. మన దగ్గర ములాఖత్, అంటే జైలులో ఉన్నవారిని వెళ్ళి కలవడం, ఒక పరామర్శ అని, ఉత్తరమంటే ఓదార్పు అనుకునే అలవాటు బలంగా ఉంది. ఈ కేసులో బెయిల్ ఉత్తర్వును విడుదలగా మార్చిన సమాచారమంతా ఆ రెండు దారుల్లోనే నడిచింది కాబట్టి, వాటిని కేసు పనిలో భాగంగా ఎలా వాడుకోవచ్చో చెప్పడానికి ఈ వివరణ.

యువకుడికి ఇరవై మూడేళ్ళు. ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. సరుకు తక్కువగా వచ్చే రోజుల్లో ఇళ్ళు మారేవారి సామాన్లు ఎత్తే పనికి కూడా వెళ్ళేవాడు. అలా వెళ్ళిన ఒక ఇంట్లో బంగారం కనబడకుండా పోయిందన్న ఫిర్యాదుపై భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కింద కేసు నమోదైంది. ఈ నేరానికి గరిష్ఠ శిక్ష ఏడేళ్ళు. ఏడేళ్ళు, అంతకు లోపు శిక్ష పడే కేసుల్లో అరెస్టు ఎందుకు అవసరమైందో పోలీసులు కారణాలు రాసి చూపాలని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ ఆ కారణాల కాగితం రిమాండ్ రిపోర్టుకు జతచేసి ఉంది, మేజిస్ట్రేట్ దాన్ని అంగీకరించి రిమాండ్ విధించారు. తండ్రి లేడు. తల్లిది వర్ధన్నపేట వైపు ఒక పల్లె, కూలి పని. అరెస్టు జరిగింది సరిగ్గా మిరపకాయ ఏరే కాలంలో. జైలుకు వెళ్ళి వచ్చిన ప్రతి రోజూ ఆమెకు చార్జీల ఖర్చుతో పాటు కూలి నష్టం కూడా.

ఇక్కడ వరంగల్ పరిస్థితి గురించి కొంచెం చెప్పాలి. నిజాం కాలంలో కట్టిన వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఖాళీ చేయించి, ఆ స్థలాన్ని సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి నిర్మాణానికి ఇచ్చారు. అందులోని ఖైదీలను రాష్ట్రంలోని ఇతర జైళ్ళకు తరలించారు. అంతకుముందు బస్టాండులో దిగి నగరంలోనే చూసి వచ్చేవారు. ఇప్పుడు మనవాళ్ళు పరకాల, మహబూబాబాద్ వంటి చోట్ల సబ్ జైళ్ళలోనో, ఖమ్మం, కరీంనగర్ జిల్లా జైళ్ళలోనో, హైదరాబాదులో చర్లపల్లి, చంచల్‌గూడలలోనో ఉంటున్నారు. రిమాండ్ పొడిగింపులు కూడా చాలావరకు వీడియో ద్వారానే జరుగుతున్నాయి, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అందుకు వీలు కల్పించింది. ఇది తెలియక వాయిదా రోజున పొద్దున్నే సద్ది కట్టుకుని అదాలత్‌కు వచ్చి, పోలీసు వ్యాను కోసం గేటు వైపు చూస్తూ సాయంత్రం దాకా కూర్చునే తల్లులు ఇప్పటికీ కనిపిస్తారు. ఈ తల్లి కూడా మొదట అలాగే కూర్చుంది. న్యాయ సేవాధికార సంస్థ తరఫున పనిచేసే మా పారా లీగల్ వాలంటీరు ఆమెను చూసి పలకరించడంతోనే కేసు మా దాకా వచ్చింది.

కస్టడీలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ఈ మాట స్పష్టంగా చెబుతుంది. వకీలును నియమించుకునే వకాలత్‌నామా మీద సంతకం జైలులోనే చేయించి, జైలు అధికారి ధ్రువీకరణతో తెప్పించుకోవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేసినా సహాయం మొదలవుతుంది. పల్లెల్లో ఈ సంగతి తెలిసినవారు తక్కువ. వకీలు ఫీజు కోసం పుస్తెల తాడు కుదువ పెట్టిన తర్వాత మా దగ్గరికి వచ్చేవారే ఎక్కువ.

మొదటి చిక్కు మనిషి ఎక్కడున్నాడో తెలుసుకోవడంలోనే వచ్చింది. రిమాండ్ రోజున దగ్గరి సబ్ జైలుకు పంపారు. తల్లి అక్కడికి వెళ్ళేసరికి పొరుగు జిల్లాలోని జైలుకు మార్చారని గేటు దగ్గర చెప్పారు. ఇలాంటి మార్పిడి కుటుంబానికి ముందుగా తెలియడం అరుదు. బయల్దేరే ముందు రోజు జైలుకు ఫోన్ చేసి నిర్ధారించుకోవడం, లేదా ఈ-ములాఖత్ పోర్టల్‌లో ఖైదీ పేరు, తండ్రి పేరు నమోదు చేసి సమయం తీసుకోవడం తప్పనిసరి అని నేను ప్రతి కుటుంబానికీ చెబుతాను. పోర్టల్‌లో నమోదు చేస్తే మొబైల్‌కు ఓటీపీ వస్తుంది, ఆమోదం కూడా అక్కడే తెలుస్తుంది; వీడియో ములాఖత్ కోరుకోవడానికీ వీలుంది. స్మార్ట్‌ఫోన్ లేని ఇంటికి ఈ సౌకర్యం ఎంత దూరమో చెప్పనవసరం లేదు. మీసేవ కేంద్రం అబ్బాయో, ఊళ్ళో డిగ్రీ చదివే పిల్లో తోడుంటేనే అది పని చేస్తుంది.

రెండో చిక్కు ఉత్తరం. పక్కింటి అబ్బాయితో ఆమె ఒక ఉత్తరం రాయించి పంపింది, అది కొన్నాళ్ళకు తిరిగి వచ్చింది. కవరు మీద కొడుకు పేరు, జైలు ఉన్న ఊరు పేరు తప్ప మరేమీ లేదు. మన ప్రాంతంలో ఒకే పేరున్న యువకులు ఒక బ్యారక్‌లోనే ముగ్గురు నలుగురు ఉండవచ్చు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు, రిమాండ్ ఖైదీ నంబరు, అది తెలియకపోతే పోలీస్ స్టేషన్ పేరుతో క్రైమ్ నంబరు, 'సూపరింటెండెంట్ గారి ద్వారా' అన్న మాట, జైలు పూర్తి చిరునామా, పిన్‌కోడు ఉంటేనే ఆ కవరు సరైన చేతికి చేరుతుంది. పంపినవారి చిరునామా కూడా ఉండాలి. ఈ ఉత్తరం కనీసం తిరిగి రావడానికి కారణం ఆ పక్కింటి అబ్బాయి వెనక తన చిరునామా రాయడమే.

అయితే లోపలి కాగితం చదివిన తర్వాత, అది తిరిగి రావడమే మేలైందని నాకనిపించింది. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: "నిజం జెప్పు బిడ్డా, ఆ సొమ్ము నువ్వు తీసినవా, తీస్తే ఎక్కడ వెట్టినవో రాయి, తెచ్చి మొకాన కొడ్త." ఆ తల్లి ఆవేదనను తప్పుపట్టలేం. కానీ జైలుకు వచ్చే, జైలు నుంచి వెళ్ళే ఉత్తరాలను అధికారులు చదువుతారు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో రుజువుగా చెల్లదు. జైలు నుంచి తల్లికి స్వహస్తాలతో రాసిన ఉత్తరానికి ఆ రక్షణ లేదు. భయంతోనో, తల్లి కోపం చల్లార్చడానికో ఆ యువకుడు ఏదో ఒకటి రాసి ఉంటే, ఆ కాగితానికి జవాబు చెప్పుకోలేక విచారణలో నేను తలపట్టుకోవలసి వచ్చేది. అందుకే కేసు సంగతులు ఉత్తరంలో గానీ, ములాఖత్ కిటికీ దగ్గర గానీ మాట్లాడవద్దని, వాటిని వకీలుతో మాత్రమే చెప్పాలని రెండు వైపులా గట్టిగా చెబుతాం. విచారణ ఖైదీ తన వకీలుతో ఇతరులెవరూ లేకుండా మాట్లాడుకోవడానికి 1894 నాటి జైళ్ళ చట్టం 40వ సెక్షన్ చోటిస్తుంది. ఆ ఏకాంతం కుటుంబ సభ్యుల ములాఖత్‌కు ఉండదు.

మూడోది మందులు. యువకుడికి చిన్నప్పటి నుంచి ఫిట్స్ ఉన్నాయి, వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో రాసిచ్చిన గోలీలు రోజూ వేసుకుంటాడు. రెండో జైలు జాడ తెలిసిన తర్వాత తల్లి ఆ గోలీల పట్టీని కొంగున ముడివేసుకుని వెళ్ళింది. గేటు దగ్గర తనిఖీలో అది బయటపడింది, లోపలికి ఇవ్వనివ్వలేదు. సిబ్బంది చేసింది సరైన పనే. అనుమతి లేని వస్తువును లోపలికి చేరవేయడం అదే చట్టం 42వ సెక్షన్ ప్రకారం నేరం, ఆరు నెలల వరకు శిక్ష పడవచ్చు. కొంగులోని గోలీ ఫిట్స్‌దో మత్తుదో గేటు దగ్గరి కానిస్టేబుల్ తేల్చలేడు. మందు చేరవలసిన దారి జైలు వైద్యాధికారి. ఎంజీఎం ఓపీ చీటీ నకలు, పాత మందుల బిల్లు జతచేసి, ఏ గోలీ ఏ పూట వేసుకుంటాడో రాసి, జైలు సూపరింటెండెంట్ పేర స్పీడ్ పోస్టులో పంపాను. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, ఇప్పుడు రుజువు కావాలంటే స్పీడ్ పోస్టు రసీదునే దాచుకోవాలి. అదే విషయంపై కోర్టులో ఒక మెమో కూడా వేశాను. జైలు ఆసుపత్రిలో గోలీలు మొదలుపెట్టినట్టు తర్వాత తెలిసింది.

బెయిల్ దరఖాస్తులో మాత్రం ఈ జబ్బును కారణంగా చూపలేదు. దీనిపై కొందరు తోటి న్యాయవాదులు నాతో ఏకీభవించలేదు. ఫిట్స్ ఉన్న సంగతి మార్కెట్‌లో తెలిస్తే మేస్త్రీ బస్తా ఎత్తనివ్వడన్న భయంతో యువకుడు ఏళ్ళుగా దాన్ని దాచుకున్నాడు. అరెస్టప్పటి వైద్య పరీక్షలో కూడా నోరు విప్పలేదు. బెయిల్ ఉత్తర్వులో రాస్తే ఆ కాగితం జమానతుదారుల నుంచి పోలీస్ స్టేషన్ దాకా అందరి చేతుల్లోనూ తిరుగుతుంది. పాత కేసులు లేకపోవడం, దర్యాప్తులో ముఖ్యమైన భాగం పూర్తి కావడం, స్థిర నివాసం ఉండడం అన్న కారణాలు చాలునని నేను భావించాను. అవి చాలాయి కూడా.

ఇద్దరు జమానతుదారులు, ఒక్కొక్కరు పదివేల రూపాయలకు, అన్న షరతుతో బెయిల్ మంజూరైంది. తల్లికి ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. జమానతుదారుకు ఇంటి పన్ను రసీదో, పట్టాదారు పాస్‌బుక్కో, జీతం సర్టిఫికెట్టో ఉండాలి. కోర్టుకు వచ్చి తన ఆస్తిని పూచీ పెట్టాలి. ఊళ్ళో అడిగిన వారంతా "దొంగతనం కేసు, మాకెందుకు" అన్నారు. కోర్టు ఆవరణలో డబ్బు తీసుకుని జమానతుకు వస్తామనే మనుషులు ఆమెను కూడా పలకరించారు. దొంగ కాగితాలతో అలా వచ్చినవారి వల్ల బెయిల్ రద్దయిన కేసులు చూశాను గనుక, వారి దరికి పోవద్దని చెప్పాను.

అప్పటికి ఆమె కొడుకును ఒకసారి చూసి వచ్చింది. ఏం మాట్లాడుకున్నారని అడిగితే ఆమె చెప్పింది ఇంతే: "సారూ, పోరని మొకం జూడంగనే నాకు దుఃఖం ఆగలే. వాడు గూడ ఏడ్సిండు. ఆయింత టైం అయిపాయె అన్నరు." గేటు దగ్గర ఆధార్ చూపి, నకలు ఇచ్చి, ఫోటో దిగి, వేలిముద్ర వేసి, తనిఖీ దాటి, పిలుపు కోసం గంటల తరబడి కూర్చున్న తర్వాత దొరికేది పావుగంటో ఇరవై నిమిషాలో. కొన్ని చోట్ల జాలీ, కొన్ని చోట్ల అద్దం, దానికి తగిలించిన ఫోన్. పక్క కిటికీల్లో అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే సగం మాటలు వినబడవు. మొదటి ములాఖత్ ఏడుపుకే పోతుంది, పోనివ్వాలి కూడా. బంధువులను కలుసుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని 1981లో ఫ్రాన్సిస్ కొరాలీ ములిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఆ మానవ సంబంధాన్ని దృష్టిలో పెట్టుకునే. రెండో ములాఖత్‌ను మాత్రం సిద్ధపడి చేయాలి.

అంతకు ముందు ఒక ఉత్తరం పంపాం. పారా లీగల్ వాలంటీరు తల్లి మాటల్లోనే రాసింది: బెయిల్ అయింది, ఇద్దరు జమానతుకు కావాలి, ఇల్లో భూమో ఉన్నవాళ్ళు నీకు తెలిసినవాళ్ళలో ఎవరు వస్తారో ఆలోచించు, కేసు గురించి ఏమీ రాయకు. జైలులో అడిగి, అభ్యంతరం లేదన్నాక, జవాబు కోసం మా చిరునామా రాసిన ఒక ఇన్‌ల్యాండ్ లెటరు కూడా లోపల పెట్టాం. రెండున్నర రూపాయల ఆ నీలం కాగితం మీద వచ్చిన జవాబు నాకు బాగా గుర్తుంది. అక్షరాలు పెద్దవిగా, వరుస తప్పి ఉన్నాయి. "అవ్వా, నేను మంచిగనే ఉన్న, రంది పెట్టుకోకు. మేస్త్రీని అడుగు. ఆయనకు కాశిబుగ్గల సొంతిల్లు ఉన్నది. నా కూలి పైసలు ఆయన దగ్గర్నే ఉన్నయి. గోలీల ముచ్చట ఆయనకు జెప్పకు." మేస్త్రీ దగ్గర కొడుకు కూలి డబ్బు నిల్వ ఉందన్న సంగతి గానీ, అతనికి సొంత ఇల్లుందన్న సంగతి గానీ తల్లికి తెలియదు. ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగినా దొరకని మనిషి నగరంలో ఉన్నాడని ఆ కాగితమే చెప్పింది.

రెండో ములాఖత్‌కు తల్లితో పాటు మేనమామ, డిగ్రీ చదువుతున్న ఆయన కూతురు వెళ్ళారు. ఫోన్లు లోపలికి రానివ్వరు కాబట్టి, గేటు దగ్గర చూపించి అనుమతి తీసుకునేలా ఒక చీటీ రాసిచ్చాను: గోలీలు రెండు పూటలా ఇస్తున్నారా, మేస్త్రీకి ఏ మాట చెబితే నమ్ముతాడు, ఆధార్ కార్డు ఎక్కడుంది, లోపల ఎవరికైనా బాకీ పడ్డావా. చివరి ప్రశ్న అనుభవం మీద రాసింది. సబ్బు, బీడీ, బిస్కెట్ల దగ్గర మొదలైన చిన్న బాకీలు లోపల పెద్ద గొడవలవుతాయి, ఆ మాట ఖైదీ తనంతట తాను చెప్పడు. ఇతనికి కొద్దిగా బాకీ ఉంది. చేతికి డబ్బు ఇవ్వడానికి వీల్లేదు, కవరులో నోటు పెడితే అది చేరదు. ఖైదీ సొంత నగదు ఖాతాలో కట్టాలి, క్యాంటీన్ కొనుగోళ్ళు అందులోంచి జరుగుతాయి. మేనమామ అక్కడే కొంత కట్టి రసీదు తెచ్చాడు. ఆ అమ్మాయి చీటీ చదువుతూ, జవాబులు వెనకవైపు రాసుకుని వచ్చింది. ఆమె రాతలో మేస్త్రీకి చెప్పవలసిన మాట ఇది: "సంక్రాంతికి లారీ మీద తాడు తెగినప్పుడు నేనే ఆయన్ని పక్కకు గుంజిన, యాది జెయ్యుండ్రి."

మేస్త్రీ ఆ మాట విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఇంటి పన్ను రసీదు ఎక్కడ పెట్టిందీ భార్యను అడిగాడు.

రెండో జమానతు మాత్రం దొరకలేదు. మేనమామ పాస్‌బుక్కు పంట రుణం కింద బ్యాంకులో ఉంది. పేదవాడికి పొరుగు జిల్లా జమానతు చెల్లదని తిరస్కరించడాన్ని 1978లోనే మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 2023 జనవరి 31న ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇంకొంత ముందుకు వెళ్ళి, బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలని, ఆ సంస్థ ఖైదీ ఆర్థిక, సామాజిక పరిస్థితిపై నివేదిక తయారు చేయించి, షరతుల సడలింపు కోరుతూ కోర్టు ముందు పెట్టవచ్చని, నెల రోజుల్లో పూచీకత్తు ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే సడలింపును పరిశీలించవచ్చని చెప్పింది. నెల నిండేదాకా ఎదురు చూడకుండా, తల్లి కూలి వివరాలు, పంట రుణం కాగితం, మేస్త్రీ అంగీకారం జతచేసిన నివేదికతో సడలింపు దరఖాస్తు వేశాం. ఒక జమానతు, యువకుడి సొంత పూచీకత్తు చాలునని కోర్టు సవరించింది. ఆ నివేదికలోని సగం వివరాలు నీలం కాగితం నుంచీ, చీటీ వెనకవైపు నుంచీ వచ్చినవే.

విడుదల ఉత్తర్వు జైలుకు చేరేసరికి ఖైదీలను గదుల్లో ఉంచి తాళం వేసే లాకప్ సమయం దాటింది, మర్నాడు ఉదయం వదిలారు. ఇది ముందే చెప్పి ఉంచడం వల్ల కుటుంబం ఆ రాత్రి గేటు బయట పడిగాపులు పడలేదు. బయటికి వచ్చేటప్పుడు నగదు ఖాతాలో మిగిలిన డబ్బు లెక్క చూసి తీసుకోవాలని, జైలు వైద్యుడి చీటీ అడిగి తెచ్చుకోవాలని చెప్పాం. ఆ చీటీ లేకపోతే ఎంజీఎంలో మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చేది. ఫిట్స్ సంగతి మేస్త్రీకి నేను చెప్పలేదు, అది నేను చెప్పవలసింది కాదు. లారీ మీదికెక్కి బస్తాలు దించే పని చేయవచ్చో లేదో ఓపీ డాక్టరును అడిగిన తర్వాతే మార్కెట్‌కు వెళ్ళమని మాత్రం యువకుడికి చెప్పాను. ప్రస్తుతం అతను కాంటా దగ్గర పని చేస్తున్నాడు.

ఛార్జిషీటు దాఖలైంది, కేసు ఇప్పుడు ఆరోపణల నమోదు దశలో ఉంది. ఒక్క వాయిదాకు రాకపోయినా నాన్‌బెయిలబుల్ వారెంటు రావచ్చు, అప్పుడు పూచీపడిన మేస్త్రీకి కూడా నోటీసు వెళుతుంది. అందువల్ల ప్రతి వాయిదాకు రెండు రోజుల ముందు మా వాలంటీరు యువకుడికీ మేస్త్రీకీ ఇద్దరికీ ఫోన్ చేస్తోంది.